మొబైల్ ఎంఎంఓలో కంట్రోలర్: నడక సరిగా లేదు, బటన్లు చాలట్లేదు, పైగా పింగ్ ఎగురుతోంది

నీలిగువ్వ (ప్రశ్న)

ఫోన్ ఆండ్రాయిడ్ 13. కంట్రోలర్ ఎక్స్‌బాక్స్ సిరీస్ తరం వైర్‌లెస్‌ది, బ్లూటూత్ మీద. వైఫై 2.4 గిగాహెర్ట్జ్. చెవిలో బ్లూటూత్ ఇయర్‌బడ్స్.

ఆడేవి రెండు గేములు. ఒకటి డయాబ్లో ఇమ్మోర్టల్. అందులో కంట్రోలర్ కలపగానే పనిచేస్తోంది, పెద్దగా పేచీ లేదు. రెండోది టార్గెట్ ఎంచుకుని స్కిల్ కొట్టే రకం ఎంఎంఓ (చాలామంది ఒకే లోకంలో కలిసి ఆడే ఆన్‌లైన్ గేము). దానికి సొంత కంట్రోలర్ సపోర్ట్ లేదు. అందుకని బటన్ నొక్కితే స్క్రీన్ మీద వేలు పడినట్టు చూపించే మ్యాపింగ్ యాప్ వాడుతున్నాను. ఇబ్బందులన్నీ ఈ రెండోదానితోనే:

1. ఎడమ స్టిక్ పూర్తిగా తోసినా పాత్ర పరుగెత్తదు, నడుస్తుంది. స్టిక్ వదిలేశాక కూడా ఒక్కోసారి మెల్లగా సాగుతూనే ఉంటుంది.
2. కుడి స్టిక్‌తో కెమెరా తిప్పుతుంటే మధ్యలో ఎవరో ఒక ఎన్‌పీసీ (గేమే నడిపే పాత్ర) టార్గెట్ అవుతుంది, లేదా వాడి డైలాగ్ తెరుచుకుంటుంది.
3. స్టిక్‌తో పరుగెత్తుతూ స్క్రీన్ మీద వేలితో ఏదైనా నొక్కితే పాత్ర ఠక్కున ఆగిపోతుంది.
4. కంట్రోలర్ కలిపాక పింగ్ (సర్వర్‌కు వెళ్లి వచ్చే సమయం, మిల్లీసెకండ్లలో) 50 దగ్గర నిలవడం లేదు, 200 దాకా పోయి వస్తోంది.
5. స్కిల్స్ 8, పోషన్లు 2, డాడ్జ్, మౌంట్, టార్గెట్ మార్పు, ఆటో, మ్యాప్. ఇన్నిటికీ బటన్లు ఎక్కడివి? లేఔట్ ఎలా వేసుకోవాలి?

టార్గెట్‌లాక్

మీ రెండు గేముల మధ్య తేడా పైకి కనిపించే దానికంటే పెద్దది. డయాబ్లో ఇమ్మోర్టల్ 2022 జూన్‌లో వచ్చినప్పటి నుంచీ కంట్రోలర్‌ను తానే చదువుతుంది. స్టిక్ 40 శాతం తోశారా, 90 శాతం తోశారా అన్న సంగతి గేముకు నేరుగా అందుతుంది. రెండో గేముకు కంట్రోలర్ ఉన్నట్టే తెలియదు. దానికి తెలిసింది వేళ్ల స్పర్శలే. మ్యాపింగ్ యాప్ మీ స్టిక్‌ను ఒక దొంగ వేలిగా మారుస్తుంది. మీ మొదటి మూడు ఇబ్బందులూ ఆ దొంగ వేలు తెచ్చిపెట్టినవే.

ముందు కంట్రోలర్‌లో లోపం లేదని తేల్చుకోండి. బ్రౌజర్‌లో గేమ్‌ప్యాడ్ టెస్టర్ పేజీ ఏదైనా తెరిచి ఒక బటన్ నొక్కండి. బటన్ నొక్కేదాకా బ్రౌజర్ కంట్రోలర్‌ను పేజీకి చూపించదు, కాబట్టి ఖాళీగా ఉందని కంగారు పడొద్దు. స్టిక్ వదిలేసినప్పుడు అంకెలు 0 దగ్గర, పూర్తిగా తోస్తే 1 లేదా -1 దగ్గర ఉండాలి. వదిలేసినా 0.05 లోపల ఊగితే మామూలే. 0.15 దాటి నిలబడితే అది డ్రిఫ్ట్. డెడ్‌జోన్‌తో (స్టిక్ మధ్య దగ్గరి చిన్న కదలికను లెక్కచేయని హద్దు) కొంతకాలం కప్పిపుచ్చొచ్చు గానీ స్టిక్ అరిగినట్టే లెక్క.

ఇక మొదటి ఇబ్బంది. గేములో స్క్రీన్ మీద కనిపించే జాయ్‌స్టిక్ రెండు రకాలు. ఒకటి ఒకే చోట పాతుకుని ఉండేది, రెండోది ఎడమ సగంలో ఎక్కడ వేలు పెడితే అక్కడ పుట్టేది. సెట్టింగ్స్‌లో ఎంచుకునే వీలుంటే స్థిరమైనదే తీసుకోండి. మ్యాపింగ్ యాప్‌లో స్టిక్ వృత్తం కేంద్రాన్ని గేము జాయ్‌స్టిక్ కేంద్రం మీద సరిగ్గా కూర్చోబెట్టండి. వృత్తం గేము జాయ్‌స్టిక్ కంటే చిన్నదైతే దొంగ వేలు అంచు దాకా వెళ్లదు, పాత్ర నడుస్తుంది. మీకు జరుగుతున్నది ఇదే. గేము వృత్తం కంటే కాస్త పెద్దగా, పదో వంతు ఎక్కువ ఉండేలా పెట్టండి. మరీ పెద్దది చేస్తే ఇంకో తంటా: చాలా గేముల్లో జాయ్‌స్టిక్‌ను పైకి లాగి అంచు దాటిస్తే ఆటో రన్ తాళం పడుతుంది, ఆ తరవాత పాత్ర ఎవరి మాటా వినదు.

వదిలినా ఆగకపోవడం డెడ్‌జోన్ పని. స్టిక్ 0.04 దగ్గర ఊగుతున్నా, డెడ్‌జోన్ సున్నా అయితే యాప్ దృష్టిలో వేలు ఇంకా స్క్రీన్ మీదే ఉంది. లోపలి డెడ్‌జోన్ 10 నుంచి 15 శాతం మధ్య పెట్టండి.

రెండోది కెమెరా. స్క్రీన్‌కు అంచు ఉంది, స్టిక్‌కు లేదు. దొంగ వేలు లాగుతూ లాగుతూ తన హద్దు చేరాక యాప్ దాన్ని ఎత్తి, మళ్లీ మొదటి చోట పెడుతుంది. సరిగ్గా ఆ క్షణంలో మీరు స్టిక్ వదిలితే గేముకు ఎలా కనిపిస్తుంది? వేలు పడింది, కదలకుండా లేచింది. అంటే నొక్కు. ఆ చోట ఎన్‌పీసీ నిలబడి ఉంటే వాడు టార్గెట్ అవుతాడు. కెమెరా మొదలయ్యే బిందువును స్క్రీన్ మధ్య నుంచి తీసేసి, కుడి పైభాగంలో మినీమ్యాప్ కిందా స్కిల్ బటన్ల పైనా ఉండే ఖాళీలో పెట్టండి. అక్కడ సాధారణంగా ఆకాశమో గోడో ఉంటుంది, జనం తక్కువ. నిలువు సెన్సిటివిటీ అడ్డానికంటే తగ్గించండి, 100కి 60 లెక్కన. కెమెరా పైకీ కిందికీ తక్కువ తిరిగితే హద్దు తగలడమూ తగ్గుతుంది.

మూడోదానికి పూర్తి మందు లేదు. ఆండ్రాయిడ్ చాలా వెర్షన్లలో ఒక స్క్రీన్ మీద ఒకేసారి రెండు వేర్వేరు పరికరాల స్పర్శలను కలిపి తీసుకోదు. మీ అసలు వేలు టచ్ ప్యానెల్ నుంచి వస్తుంది, దొంగ వేలు యాప్ నుంచి. కొత్తది రాగానే అప్పటికే ఉన్నదాన్ని రద్దు చేస్తుంది. అందుకే పాత్ర ఆగుతుంది. స్టిక్‌ను ఒకసారి మధ్యకు వదిలి మళ్లీ తోస్తే కదులుతుంది. పరుగులో ఉండగా వాడాల్సిన ప్రతి పనికీ బటన్ ఇచ్చుకోవడం, వేలి పనులన్నీ నిలబడి చేసుకోవడం: దారి ఇదొక్కటే. సొంత సపోర్ట్ ఉన్న గేములో ఈ గొడవ లేదు, అక్కడ స్టిక్ సమాచారం అసలు స్పర్శగా వెళ్లదు కదా.

ఇంకొకటి. మ్యాపింగ్ వేసే ముందే గేములో బటన్ల చోటు, సైజు ఖరారు చేసుకోండి. మ్యాపింగ్ అంతా స్క్రీన్ మీది కొలతలే. ఆ తరవాత హడ్ (స్క్రీన్ మీది బటన్లు, పట్టీలు) జరిపినా, నావిగేషన్ బార్ మార్చినా, అప్‌డేట్‌లో గేమువాళ్లు ఒక బటన్ పక్కకు నెట్టినా దొంగ వేలు పాత చోటే పొడుస్తుంటుంది.

బొటనవేలు

లేఔట్ సంగతి నేను చెబుతాను.

కంట్రోలర్ మీద బటన్లు తక్కువని అందరూ అంటారు గానీ అసలు కొరత బొటనవేళ్లది. ఎడమ బొటనవేలు స్టిక్ మీద ఉంటే డీ-ప్యాడ్ అందదు. కుడి బొటనవేలు కెమెరా మీద ఉంటే ఎ, బి, ఎక్స్, వై అందవు. ఏ పని ఏ వేలికి ఖాళీ ఉన్నప్పుడు వస్తుందో చూసి పంచాలి.

ఎప్పుడూ ఖాళీగా ఉండేవి చూపుడు వేళ్లు: ఎల్1, ఎల్2, ఆర్1, ఆర్2 (మీ ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ మీద ఎల్‌బీ, ఎల్‌టీ, ఆర్‌బీ, ఆర్‌టీ). విలువైన స్థలం ఈ నాలుగే. వీటిలో ఒకటి లేయర్ బటన్ చేసుకోండి, దాన్ని పట్టుకుని ఉంటే మిగతా బటన్ల అర్థం మారిపోయేలా. ఫైనల్ ఫాంటసీ 14 కంట్రోలర్ ఆట ఇలాగే నడుస్తుంది: ఎల్2 పట్టుకుంటే 8, ఆర్2 పట్టుకుంటే 8, ఒక్క సెట్‌లోనే 16 స్లాట్లు. మీకు అన్ని అక్కర్లేదు.

మీ జాబితాకు ఇది సరిపోతుంది:

ఆర్2 – మామూలు దాడి, పట్టుకుంటే సాగేలా
ఎక్స్, వై, బి – తరచూ కొట్టే స్కిల్స్ 1, 2, 3
ఆర్1 – స్కిల్ 4, అంటే కెమెరా తిప్పుతూ కూడా కొట్టాల్సింది
ఎ – డాడ్జ్
ఎల్1 – లేయర్
ఎల్1తో పాటు ఎక్స్, వై, బి, ఆర్1 – స్కిల్స్ 5 నుంచి 8
ఎల్2 – టార్గెట్ మార్పు
ఎల్1తో పాటు ఆర్2 – ప్రాణం పోషన్
డీ-ప్యాడ్ పైన మౌంట్, కింద మానా పోషన్, ఎడమ ఆటో, కుడి మ్యాప్
ఎల్3, ఆర్3 (స్టిక్‌లను లోపలికి నొక్కడం) – ఖాళీ

ప్రాణం పోషన్‌ను డీ-ప్యాడ్ మీద పెట్టిన లేఔట్లే ఎక్కువ కనిపిస్తాయి. చూడ్డానికి బాగుంటుంది. కానీ పోషన్ తాగాల్సిన క్షణంలోనే కదా పారిపోతుంటాం, అప్పుడు ఎడమ బొటనవేలు స్టిక్ వదిలితే చచ్చినట్టే. ఎల్3, ఆర్3 ఖాళీగా ఉంచమన్నది కూడా కావాలనే: గట్టిగా తోసినప్పుడు స్టిక్ లోపలికి నొక్కుకుపోయి తప్పు స్కిల్ పడుతుంది.

లేయర్‌తో వచ్చే చిక్కు ఒకటుంది. ఎల్1, ఎక్స్ కలిపి నొక్కాలనుకున్నప్పుడు ఎక్స్ రవ్వంత ముందు పడితే స్కిల్ 5 బదులు స్కిల్ 1 వెళ్తుంది. కాబట్టి పొరపాటున పడినా నష్టం లేని, తక్కువ కూల్‌డౌన్ (మళ్లీ వాడేదాకా ఆగాల్సిన సమయం) ఉన్న స్కిల్స్‌నే మొదటి లేయర్‌లో ఉంచండి. నిమిషాల కూల్‌డౌన్ ఉండే పెద్ద స్కిల్ ఎప్పుడూ ఎల్1 కిందే. అలాగే స్కిల్ 1 కిందే స్కిల్ 5 ఉండాలని లేదు. ఒకే పనికి సంబంధించినవి ఒకే బటన్ మీద ఉంచితే చేతికి త్వరగా అలవాటవుతుంది. వై మీద ఒక శత్రువుకు తగిలే దెబ్బ, ఎల్1 వై మీద గుంపుకు తగిలేది, అలా.

వెనక రెండు అదనపు బటన్లున్న కంట్రోలర్ కొనాలా అని తరవాత అడుగుతారేమో. వాటిలో చాలావరకు కొత్త బటన్లేమీ పంపవు, ఉన్న బటన్‌కు నకలు మాత్రమే. అయినా ఉపయోగమే: డీ-ప్యాడ్ కింది బటన్‌ను వెనక ఎడమ బటన్‌కు ఇస్తే పరుగు ఆపకుండా మానా తాగొచ్చు. సంఖ్య పెరగదు, వేలు ఖాళీ అవుతుంది.

వైఫై_వైద్యం

4వ నంబరుకు జవాబు మీ మొదటి పేరాలోనే ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై, బ్లూటూత్ కంట్రోలర్, బ్లూటూత్ ఇయర్‌బడ్స్, మూడూ ఒకే ఇరుకు సందులో నడుస్తున్నాయి. బ్లూటూత్ వాడేది 2402 నుంచి 2480 మెగాహెర్ట్జ్, అంటే 2.4 వైఫై కూర్చున్న చోటే. పైగా చాలా ఫోన్లలో ఈ రెండూ ఒకే చిప్పు, ఒకే యాంటెన్నా వంతులవారీగా పంచుకుంటాయి. కంట్రోలర్ ఒక్కటైతే పంపేది చిన్న చిన్న ప్యాకెట్లు, సర్దుకుపోతుంది. ఇయర్‌బడ్స్‌కు ఆడియో ఆగకుండా వెళ్తుంది. అది వంతులు తినేసరికి వైఫై ప్యాకెట్లు క్యూలో నిలబడతాయి, పింగ్ ఎగురుతుంది.

ఒక్కొక్కటి తీసి చూడండి. ముందు ఇయర్‌బడ్స్ ఆపి రెండు నిమిషాలు పింగ్ గమనించండి. తరవాత ఫోన్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చి మళ్లీ ఇయర్‌బడ్స్ కలిపి చూడండి. రౌటర్ రెండు బ్యాండ్లనూ ఒకే పేరుతో ఇస్తుంటే, ఫోన్ తనకు తోచినప్పుడు 2.4కి జారిపోతుంది, 5కి వేరే పేరు పెట్టండి. గదికీ రౌటర్‌కూ మధ్య రెండు గోడలుండి 5 అందకపోతే ఇయర్‌బడ్స్ బదులు వైరు ఇయర్‌ఫోన్, లేదా కంట్రోలర్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో ఓటీజీ (ఫోన్‌కు వేరే పరికరాలను వైరుతో కలిపే సదుపాయం) మీద పెట్టడం. అయితే కొన్ని కంపెనీల ఫోన్లలో ఓటీజీని సెట్టింగ్స్‌లో ఆన్ చేయాలి, 10 నిమిషాలు వాడకపోతే తనంతట తానే ఆఫ్ అవుతుంది. వైరులో లోపం అనుకుని కొత్త కేబుల్ కొనొద్దు.

గిల్డ్ వాయిస్ చాట్‌లో ఇయర్‌బడ్స్ మైకు వాడితే ఇంకా ఘోరం. కాల్ మోడ్‌లోకి మారుతుంది, ధ్వని నాణ్యత పడిపోతుంది, ఆలస్యం వేరే.

నెట్ ఆలస్యాన్నీ బటన్ ఆలస్యాన్నీ కలిపి తిట్టేవాళ్లు ఎక్కువ. స్టిక్ తోయగానే పాత్ర కదిలి, దెబ్బ అంకెలు మాత్రం ఆలస్యంగా పడితే అది నెట్. పాత్ర కదలడమే ఆలస్యమైతే కంట్రోలర్ వైపు, లేదా ఫోన్ వేడెక్కి ఫ్రేములు పడిపోతున్నాయి. టార్గెట్ రకం ఎంఎంఓల్లో బ్లూటూత్ ఆలస్యం గురించి నిద్ర మానుకోవాల్సిన పనిలేదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో స్కిల్‌కీ స్కిల్‌కీ మధ్య మూల విరామం 1.5 సెకండ్లు, ఫైనల్ ఫాంటసీ 14లో 2.5. ఆ లెక్కలో పది మిల్లీసెకండ్లు ఏ మూలకు? డాడ్జ్ ముఖ్యమైన యాక్షన్ గేము అయితే మాట వేరు.

నీలిగువ్వ

చాలా థాంక్స్ అండీ. స్టిక్ వృత్తం పెంచి డెడ్‌జోన్ 12 పెట్టాక పరుగు, ఆగడం రెండూ కుదిరాయి. కెమెరా బిందువు జరిపాక డైలాగులు తెరుచుకోవడం లేదు. 5 గిగాహెర్ట్జ్ మీద పింగ్ 55–65, ఇయర్‌బడ్స్ ఉన్నా సరే.

ఇంకో మూడు ప్రశ్నలు. ఫోన్ రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ మ్యాపింగ్ యాప్ మళ్లీ యాక్టివేట్ చేయమంటోంది, ఇది మామూలేనా? గేమును యాప్ లోపలే క్లోన్ చేసి నడిపే రకం యాప్‌లకు ఈ తలనొప్పి లేదంటున్నారు, దానికి మారొచ్చా? మా పార్టీలో ఒకరికి ఐఫోన్, పీఎస్4 కంట్రోలర్ ఉన్నాయి. వాళ్లకూ ఇదే గేములో ఇదే పద్ధతి పనికొస్తుందా?

టార్గెట్‌లాక్

మామూలే. వేరే యాప్ స్క్రీన్ మీద స్పర్శలు పుట్టించే అనుమతి సాధారణ యాప్‌లకు ఆండ్రాయిడ్ ఇవ్వదు. డీబగ్గింగ్ (యాప్ తయారుచేసేవాళ్ల పరీక్షల కోసం ఉన్న సదుపాయం) దారిలో వచ్చే షెల్‌కు, అంటే ఆదేశాలు నడిపే ప్రోగ్రాంకు, ఆ అనుమతి ఉంటుంది, యాప్ దాని భుజం మీద తుపాకీ పెట్టి కాలుస్తుంది. ఫోన్ ఆగితే ఆ షెల్ ప్రాసెస్ కూడా పోతుంది, మళ్లీ లేపాలి.

ఆండ్రాయిడ్ 11 నుంచి కంప్యూటర్ లేకుండానే అవుతుంది. అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్, వైర్‌లెస్ డీబగ్గింగ్ రెండూ ఆన్ చేయండి. ఫోన్ వైఫైకి కలిసి ఉండాలి, మొబైల్ డేటా మీద వైర్‌లెస్ డీబగ్గింగ్ నడవదు. పెయిరింగ్ కోడ్ ఆరంకెలు వస్తుంది, దాన్ని మ్యాపింగ్ యాప్ అడిగిన చోట ఇవ్వాలి. సెట్టింగ్స్ విండో మూసేస్తే కోడ్ చెల్లదు, కాబట్టి స్ప్లిట్ స్క్రీన్‌లో చేయడం సుఖం.

యాక్టివేట్ అయిందని చూపించి కూడా బటన్లు పనిచేయకపోతే చూడాల్సినవి. షావోమీ, రెడ్‌మీ ఫోన్లలో యూఎస్‌బీ డీబగ్గింగ్ కిందే సెక్యూరిటీ సెట్టింగ్స్ అని రెండో స్విచ్ ఉంటుంది. స్పర్శలు పుట్టించడానికి అనుమతి అదే. ఒప్పో, రియల్‌మీ ఫోన్లలో పర్మిషన్ మానిటరింగ్ ఆపే స్విచ్ డెవలపర్ ఆప్షన్స్ అడుగున ఉంటుంది. ఆట మధ్యలో ఆగిపోతుంటే బ్యాటరీ సేవర్ యాప్‌ను చంపుతోందన్నమాట: మ్యాపింగ్ యాప్ బ్యాటరీ సెట్టింగ్‌ను అన్‌రిస్ట్రిక్టెడ్ చేసి, రీసెంట్స్‌లో తాళం వేయండి. ఫోన్‌తో వచ్చే గేమ్ బూస్టర్‌లో మెమరీ ఖాళీ చేసే బటన్ నొక్కొద్దు, అది ముందు దీన్నే మింగుతుంది.

ఇంకొకటి: ఫోన్‌ను క్లిప్‌లో తలకిందులుగా పెట్టకండి. అడ్డంగా 180 డిగ్రీలు తిరిగితే కొన్ని యాప్‌ల కొలతలు తారుమారవుతాయి, లేదా కెమెరా రంధ్రం దగ్గరి ఖాళీ అటు మారి అన్నీ ఒక వేలెడు పక్కకు జరుగుతాయి.

గిల్డ్‌గుమాస్తా

క్లోన్ రకం యాప్ జోలికి పోవద్దు. రీస్టార్ట్ చేసినప్పుడల్లా రెండు నిమిషాలు పోతున్నాయని దానికి మారితే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. గేము ఇంకో యాప్ కడుపులో నడుస్తుంటే దాని రక్షణ వ్యవస్థకు అది మార్చిన గేములా, ఎమ్యులేటర్‌లా కనిపించొచ్చు. లాగిన్ తిరగ్గొట్టవచ్చు, కొనుగోళ్లు పనిచేయకపోవచ్చు, ఖాతా మీద గుర్తు పడొచ్చు. పైగా మీ ఖాతా వివరాలు ఇచ్చేది గేముకు కాదు, దాన్ని మోస్తున్న యాప్‌కు.

డీబగ్గింగ్ రకం పూర్తిగా క్షేమం అని కూడా అనను. కొన్ని గేములు డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉంటే అసలు తెరుచుకోవు. అలాంటప్పుడు యాక్టివేట్ చేశాక డీబగ్గింగ్ ఆపితే చాలా ఫోన్లలో మ్యాపింగ్ కూడా పోతుంది, ఇక దారి లేనట్టే. మీ గేము నిబంధనల్లో బయటి సాఫ్ట్‌వేర్ గురించి రాసిన భాగం చదవండి. ఇన్‌పుట్ మార్చే సాధనాలు అని రాసి ఉంటే ఆట మీద పెట్టిన డబ్బు, సమయం లెక్కేసుకుని మీరే నిర్ణయించుకోవాలి. సపోర్ట్‌కు ఒక టికెట్ రాసి, వచ్చిన జవాబు దాచుకోవడం తెలివైన పని.

ఒక గీత మాత్రం దాటకండి. ఒక బటన్ ఒక నొక్కు అయినంతవరకు అది చేయి మార్చడమే. ఒక బటన్‌తో నాలుగు స్కిల్స్ వరసగా పడే మాక్రో, పట్టుకుంటే సెకనుకు ఇరవైసార్లు కొట్టే టర్బో, రాత్రంతా తనే నొక్కే ఆటో క్లిక్, ఇవి బాట్ కింద లెక్క. స్పర్శల మధ్య విరామం ప్రతిసారీ ఒక్కటే ఉంటే సర్వర్ వైపు నుంచి పట్టుకోవడం కష్టం కాదు. టర్బో చాలా కంట్రోలర్లలో హార్డ్‌వేర్‌లోనే ఉంటుంది, పొరపాటున ఆన్ అవుతుంది కూడా. పట్టుకుని ఛార్జ్ చేయాల్సిన స్కిల్ టపటపా తెగిపోతుంటే ముందు చూడాల్సింది అదే.

బొటనవేలు

గుమాస్తా గారితో ఒక్కచోట తేడా. దాడి బటన్ పట్టుకుంటే సాగడం గేములోనే ఉన్న సౌకర్యం అయితే ఆర్2కి అది ఇవ్వడంలో తప్పు లేదు, అది టర్బో కాదు. యాప్‌లో ఆ బటన్‌ను నొక్కు బదులు పట్టు రకంగా పెట్టాలి అంతే. వేలు పెట్టి ఉంచినంతసేపూ ఒకే స్పర్శ వెళ్తుంది.

గిల్డ్‌గుమాస్తా

అదైతే సరే. నేనన్నది పదే పదే కొట్టేదాన్ని.

సగంకొరికినపండు

ఐఫోన్ సంగతి. కంట్రోలర్ కలపడం తేలిక, అసలు చిక్కు వేరే చోట ఉంది.

ఐఓఎస్ 13 నుంచి పీఎస్4 డ్యుయల్‌షాక్ 4, బ్లూటూత్ ఉన్న ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లు కలుస్తాయి. పీఎస్5 డ్యుయల్‌సెన్స్, ఎక్స్‌బాక్స్ సిరీస్‌వి 14.5 నుంచి. నింటెండో స్విచ్ ప్రో, జాయ్‌కాన్ 16 నుంచి. డ్యుయల్‌షాక్ 4కి షేర్, పీఎస్ బటన్లు కలిపి పట్టుకుంటే లైటు జంటగా మెరుస్తుంది, అప్పుడు బ్లూటూత్ జాబితాలో వస్తుంది. డ్యుయల్‌సెన్స్‌కు షేర్ బదులు క్రియేట్. ఎక్స్‌బాక్స్‌కు పైన ఉండే చిన్న పెయిర్ బటన్ 3 సెకండ్లు. పాత ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్లలో 1537, 1697 మోడళ్లకు బ్లూటూత్ లేనే లేదు, ఎంత పట్టుకున్నా రాదు. మోడల్ నంబర్ బ్యాటరీ అరలో రాసి ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు అది తెరిచి చూసుకోవాలి.

కలిపాక సెట్టింగ్స్, జనరల్, గేమ్ కంట్రోలర్‌లో బటన్లు అటూ ఇటూ మార్చుకోవచ్చు, ఒక్కో గేముకు వేరుగా కూడా. అక్కడితో సరి. ఆండ్రాయిడ్‌లో లాగా వేరే యాప్ మీద దొంగ వేలు పెట్టే మ్యాపింగ్ యాప్ ఐఓఎస్‌లో కుదరదు, ఒక యాప్ ఇంకో యాప్‌ను తాకలేదు. కాబట్టి మీ రెండో గేము ఆ మనిషి ఐఫోన్‌లో కంట్రోలర్‌తో నడవదు. డయాబ్లో ఇమ్మోర్టల్ నడుస్తుంది, స్కై: చిల్డ్రన్ ఆఫ్ ద లైట్ అనే గేము కూడా. కొత్త గేము దించేముందు యాప్ స్టోర్ పేజీలో కంట్రోలర్ గుర్తు ఉందో లేదో చూస్తే చాలు.

ఐఫోన్ 15 నుంచి టైప్-సి కాబట్టి ఫోన్‌ను మధ్యలో బిగించే కంట్రోలర్లలో టైప్-సి రకమే కొనాలి. దానికి ముందువాటికి లైట్నింగ్ రకం. కేసు తీయకుండా ప్లగ్ లోపలికి దిగుతుందా అన్నది కొనేముందు చూసుకోవాల్సిన రెండో విషయం.

వైఫై_వైద్యం

ఆండ్రాయిడ్‌లో డ్యుయల్‌సెన్స్‌కు వెర్షన్ 12 లేదా పైన ఉండాలని కూడా ఇక్కడే చెప్పేస్తాను. అంతకన్నా పాత ఫోన్‌లో కలుస్తుంది గానీ ట్రిగ్గర్లు, కుడి స్టిక్ తారుమారు కావొచ్చు: ఆర్2 నొక్కితే కెమెరా తిరుగుతుంది. 8బిట్‌డో కంట్రోలర్లలో చాలా మోడళ్లకు ఆన్ చేసే పద్ధతిని బట్టి మోడ్ మారుతుంది. స్టార్ట్‌తో పాటు బి పట్టుకుంటే ఆండ్రాయిడ్, ఎక్స్ అయితే విండోస్, వై అయితే స్విచ్. తప్పు మోడ్‌లో లేపితే ఎ, బి స్థానాలు మారిపోతాయి, డాడ్జ్ నొక్కితే స్కిల్ పడుతుంది.

నీలిగువ్వ

లేఔట్ బాగా కుదిరింది. ఎల్1 ఆర్2 పోషన్‌కు చేయి అలవాటు పడుతోంది. మిగిలింది ఒక్కటి. ఆటో క్వెస్ట్ పెట్టి వదిలేస్తే కాసేపటికి కంట్రోలర్ దానంతట అదే ఆగిపోతోంది. బాస్ వచ్చేసరికి మళ్లీ కలవడానికి కొన్ని సెకండ్లు పడుతోంది, ఆ తరవాత కూడా ఒక్కోసారి బటన్లు పనిచేయవు. బ్యాటరీలు కొత్తవే. ఇంకా, హీలర్ (తోటివాళ్లకు వైద్యం చేసే) పాత్రతో పార్టీలో ఒకరిని ఎంచుకోవడం బటన్లతో చాలా నెమ్మదిగా ఉంది.

టార్గెట్‌లాక్

ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ 15 నిమిషాలు ఏ బటనూ నొక్కకపోతే బ్యాటరీ కోసం ఆగిపోతుంది. ఆటో నడుస్తున్నప్పుడు పది నిమిషాలకొకసారి, పని లేని బటన్ ఒకటి నొక్కండి. మీ లేఔట్‌లో ఎల్3 ఖాళీయే కదా, అది చాలు. మళ్లీ కలిశాక బటన్లు పనిచేయకపోవడం ఎందుకంటే కొన్ని మ్యాపింగ్ యాప్‌లు మళ్లీ వచ్చిన కంట్రోలర్‌ను కొత్త పరికరం అనుకుంటాయి. యాప్ తేలే బటన్ నొక్కి ప్రొఫైల్ మళ్లీ ఎంచుకుంటే తిరిగొస్తుంది, గేము మూయక్కర్లేదు. ఇది తరచూ జరుగుతుంటే కంట్రోలర్ ఫర్మ్‌వేర్ పాతది కావొచ్చు. విండోస్ కంప్యూటర్‌లో ఎక్స్‌బాక్స్ యాక్సెసరీస్ యాప్‌తో, కేబుల్ పెట్టి అప్‌డేట్ చేయండి. తరవాత ఫోన్ బ్లూటూత్ జాబితాలో పాత పేరు ఫర్గెట్ చేసి కొత్తగా కలపాలి, లేకపోతే కలిసినట్టు చూపించి బటన్లు రావు.

బొటనవేలు

హీలర్‌కు ఎల్1 లేయర్‌లో డీ-ప్యాడ్‌ను పూర్తిగా పార్టీకి ఇచ్చేయండి. ఎల్1 పట్టుకుని డీ-ప్యాడ్ నాలుగు వైపులా పార్టీ జాబితాలో మొదటి నలుగురి పేర్ల మీద మ్యాప్ చేయండి, అయిదోవాడి కోసం ఎల్1 ఎల్2. జాబితాలో ట్యాంక్ (ముందు నిలబడి దెబ్బలు కాసేవాడు) ఎప్పుడూ పైన ఉండేలా గేము సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి, లేకపోతే ప్రతి పార్టీలో వరస మారి తప్పు మనిషికి వైద్యం పడుతుంది. డీ-ప్యాడ్ కోసం స్టిక్ వదలాలి, నిజమే. అయితే హీల్‌కు క్యాస్ట్ టైమ్ (స్కిల్ పూర్తవడానికి పట్టే సమయం) ఉంటే ఎలాగూ నిలబడే కొట్టాలి, అప్పుడు బొటనవేలు ఖాళీయే. నడుస్తూ కొట్టే తక్షణ హీల్స్ ఎక్కువున్న క్లాస్ అయితే వెనక బటన్లున్న కంట్రోలర్‌కు విలువ అక్కడ తెలుస్తుంది: ఒక బటన్ ట్యాంక్‌కు, ఇంకొకటి మీకే. పెద్ద రైడ్‌లో ఇరవై పేర్లు ఉన్నప్పుడు మాత్రం కంట్రోలర్ పక్కన పెట్టి వేళ్లతోనే ఆడండి.